వెర్నా నీడలో చోటు

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి వెర్నా హాల్వర్‌సెన్ మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి, వీధి చివర బస్సు ఆగేచోట బల్లమీద ఓ మూలగా కూర్చునేది. కాసేపటికి ఎదురు వాటాలో ఉండే లోర్న్ పెట్రాక్ రెండు కాగితపు కప్పుల్లో కాఫీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇద్దరికీ ఎక్కవలసిన బస్సేమీ లేదు. ఫ్రేజర్ నదిమీద దుంగల్ని లాక్కుపోయే పడవల్ని చూస్తూ, ఎక్కేవాళ్ళమీదా దిగేవాళ్ళమీదా చిన్న చిన్న వ్యాఖ్యలు చేసుకుంటూ, వాన మొదలయ్యేదాకా కూర్చునేవాళ్ళు. వాళ్ళ ఊరు న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో వాన మొదలుకావడానికి ఎంతోసేపు పట్టదు.

లోర్న్ జూన్ నెలలో కూడా ఉన్ని కోటు వేసుకునే వచ్చేవాడు. వెర్నా నీడ చల్లన. చెట్టునీడ చల్లనలాంటిది కాదు, మంచుగడ్డ పక్కన నిలబడినట్టుండేది. పుట్టుకతో వచ్చింది. బడిలో పంతులమ్మ ఆమెని కిటికీకి దూరంగా, ఉత్తరపు గోడవైపు కూర్చోబెట్టేది. బస్సులో ఆమె పక్కన చోటు దొరికినవాళ్ళు రెండో స్టాపుకల్లా లేచి కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. గొంతుదాకా జిప్పు లాక్కునేవారు, అంతే. ముప్పై రెండేళ్ళు ఒక లాండ్రీలో ఇస్త్రీ యంత్రాల దగ్గర పనిచేసింది. అక్కడ మాత్రం ఆ వేడికి ఆడవాళ్ళు దీపం కింద ఆమె చుట్టూ చేరి భోజనం డబ్బాలు విప్పుకునేవాళ్ళు. ఆ లాండ్రీ మూతపడి చాలా ఏళ్ళయింది.

కూతురు కారిన్‌కి మూడేళ్ళప్పుడు ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. అత్తగారు ఎక్కడో మైదానాల ఊరి నుంచి రైల్లో వచ్చి, "పసిదాని మీద నీ నీడ పడనిచ్చావు కదూ?" అంది. మొగుడు అవునని అనలేదు, కాదనీ అనలేదు. పిల్లని ఎత్తుకుని, లోతట్టున ఉన్న చిల్లివాక్ ఊరికి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళయింది. కారిన్ క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. ఎప్పుడైనా వెర్నాయే వెళితే, "అమ్మా, దీపానికి ఆ పక్కన కూర్చో" అని ముందే చెబుతుంది, నీడ గోడమీద పడేలా. నాలుగేళ్ళ మనవరాలు టెస్సాని వెర్నా మబ్బు పట్టిన రోజున, ఒకే ఒక్కసారి ఎత్తుకుంది.

"నువ్వెందుకు కూర్చుంటావు నా పక్కన?" అని అడిగింది ఓసారి లోర్న్‌ని.

"కోటు కొన్నాను కదా, వాడకపోతే దండగ" అన్నాడతను.

ఆ ఏడు జూన్ ఆఖరి వారంలో ఎండ వచ్చింది. వచ్చి పోలేదు. శుక్రవారానికి ముప్పై అయిదు డిగ్రీలు. చలి లోపలికి రాకుండా కట్టిన ఇళ్ళు అవి. వేడి లోపల చేరితే పోయే దారి లేదు. దుకాణాల్లో ఫ్యాన్లు గురువారానికే అయిపోయాయి. జనం స్నానాల తొట్టిలో చల్లనీళ్ళు నింపుకుని బట్టలతోనే కూర్చున్నారు. కాకులు నోళ్ళు తెరుచుకుని గడ్డిమీద కదలకుండా పడున్నాయి.

శుక్రవారం సాయంత్రం ఆ మేడ మేనేజరు గ్లెనిస్ వచ్చి వెర్నా తలుపు తట్టింది. పోయిన చలికాలంలో, ప్రవేశద్వారం దగ్గర నిలబడితే కుండీల్లో పూలమొక్కలు చచ్చిపోతున్నాయి, వెనక మెట్లు వాడుకోండి అని చెప్పిన మనిషే.

"వెర్నా, ఎలా ఉన్నారు? కాస్త కిందకి వస్తారా? అందరూ అడుగుతున్నారు."

"అందరూనా?"

"ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ ఇరుగూ పొరుగూ?"

పెరట్లో, కార్లు నిలిపేచోట కుర్చీ వేశారు. వెర్నా పడమటికి వీపు పెట్టి కూర్చుంది. ముందు పరుచుకున్న నీడలో ఆరుగురు పట్టారు. గ్లెనిస్ మనిషికి అరగంట చొప్పున వంతులు పెట్టింది. జనం నవ్వారు, చల్లటి బీరు తాగారు. రెండో అంతస్తులో ఉండే మారిసెల్ తన ఎనిమిది నెలల పాపని వెర్నా నీడలో దుప్పటిమీద పడుకోబెట్టి ఏడ్చింది. రెండు రోజులుగా నిద్రలేని పిల్ల అప్పుడే నిద్రపోయిందట. నీడ ఎవరికైనా చల్లన, వెర్నాకి తప్ప. ఎండ ఆమె వీపుని కాలుస్తూనే ఉంది. మంచినీళ్ళు కావాలా అని అడిగింది లోర్న్ ఒక్కడే. మూడంతస్తులూ ఎక్కి గ్లాసు తెచ్చిచ్చాడు.

"కూర్చో లోర్న్. నీ వంతు" అంది వెర్నా.

"నాకేం ఉక్కగా లేదు. నా అరగంట ఆ పాపకియ్యి."

నిజంగానే అతనికి వేడి తెలియదు. పాతికేళ్ళుగా మనసు జబ్బుకి వేసుకుంటున్న మాత్రలవల్ల అది. వాటితో దాహమూ తెలియదు, చెమటా సరిగా పట్టదు. ఆ సంగతి వెర్నాకి తెలుసు. చెయ్యి పట్టుకు లాగి కూర్చోబెట్టింది. ఆ రోజే మొదటిసారి అతను కోటు లేకుండా ఆమె నీడలో కూర్చున్నాడు. "ఇంత బాగుంటుందా! ఇన్నాళ్ళూ కోటులోంచి తెలియలేదు" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం కారు ఆగి కారిన్ దిగింది. వెర్నా ఇక్కడికొచ్చిన తొమ్మిదేళ్ళలో కూతురు ఈ మేడకి రావడం అదే మొదలు.

"అమ్మా, టెస్సాకి పొద్దున రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఒళ్ళు వేడెక్కితే వస్తాయి దానికి. ఆసుపత్రిలో తగ్గించి పంపించారు, చల్లగా ఉంచమన్నారు. ఎక్కడ ఉంచను? హోటళ్ళన్నీ నిండిపోయాయి. రా అమ్మా."

రా అమ్మా. వెర్నా అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

లోర్న్ తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "వెళ్ళు. పిల్ల కన్నా నేను ఎక్కువా? నాకు ఫ్రిజ్ ఉందిగా, తలుపు తీసుకుని కూర్చుంటా."

మెట్ల దగ్గర గ్లెనిస్ ఎదురైంది. మొహం మాడ్చుకుంది. "వెళ్ళిపోతే ఎలాగండీ? జనానికి మాటిచ్చాను."

"గ్లెనిస్, ఒక్క పని చెయ్యండి. లోర్న్‌ని చూస్తుండండి. ఆయనకి వేడి తెలియదు, ఆయన అడగడు. మీరే లోపలికి వెళ్ళి నీళ్ళు పట్టించాలి. ఇదిగో, ఆయన నా దగ్గర ఉంచిన తాళంచెవి."

"ఓ, దానికేముంది!" అని తాళంచెవి జేబులో వేసుకుంది గ్లెనిస్.

చిల్లివాక్‌లో ఇంకా ఎక్కువ వేడి. పిల్ల గదిలో మంచాన్ని కిటికీకి ఎదురుగా జరిపారు. వెర్నా ఎండలో నిలబడి మనవరాలిమీద తన నీడ పరిచింది. కారిన్ థర్మామీటరు పెట్టి చూసి, గంటలో రెండు డిగ్రీలు తగ్గింది అని గోడకి ఆనుకుని కూలబడింది. పొద్దుతో పాటు వెర్నా జరిగింది. పొద్దు కిటికీ దాటిపోతే పెద్ద దీపం తెచ్చి వెనక పెట్టారు. ఆ రోజుకి మళ్ళీ ఫిట్స్ రాలేదు. తెల్లారగట్ట టెస్సా కళ్ళు తెరిచి, "అమ్మమ్మా, నీ నీడ భలే ఉంది" అంది. ఆ మాట సొంతవాళ్ళ నోట అనిపించుకోవడానికి వెర్నాకి అరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆదివారం అంతా అలాగే గడిచింది. మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు, కాళ్ళు వాచి, వెర్నా కుర్చీలో కూర్చుంటానంటే కారిన్ కుర్చీ తెచ్చింది. తెచ్చి, "అమ్మా, కాస్త ఎడమకి జరుగు. కుక్క మీద కూడా పడేలా. పాపం రొప్పుతోంది" అంది. వెర్నా జరిగింది.

సాయంత్రం లోర్న్‌కి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. గ్లెనిస్‌కి చేసింది.

"తట్టానండీ, పలకలేదు. నిద్రపోతున్నాడేమో. లేపడం ఎందుకని వచ్చేశాను."

"తాళంచెవి ఉంది కదా మీ దగ్గర?"

"మగవాడి గదిలోకి అలా ఎలా వెళతానండీ? రేపు చూస్తాలెండి."

వెర్నా కూతురివైపు తిరిగింది. "నన్నొకసారి ఇంటికి దింపి తెస్తావా? రెండు గంటల పని."

"ఇప్పుడా? దీన్ని ఇలా వదిలేసా?" కారిన్ గొంతు లేచింది. "ఎవరో పక్కవాటా ఆయన కోసం? నేనెప్పుడూ ఏమీ అడగలేదు కదమ్మా నిన్ను."

నిజమే, ఎప్పుడూ ఏమీ అడగలేదు. వెర్నా ఉండిపోయింది.

సోమవారం పొద్దున అల్లుడు ఎవరో తెలిసినవాళ్ళ దగ్గర నుంచి కిటికీకి బిగించే ఏసీ సంపాదించుకొచ్చాడు. అది గుర్రుమని మొదలయ్యేసరికి కారిన్ సంతోషం పట్టలేక మొగుణ్ణి కావలించుకుంది. పావుగంట అయ్యాక, "అమ్మా, మరీ చల్లగా అయిపోతోంది దానికి" అని టెస్సాకి దుప్పటి కప్పింది. తరవాత, తల్లి మొహం చూడకుండా, "పదింటికి బస్సుంది. నీ స్నేహితుణ్ణి చూడాలన్నావుగా. కారులో ఇంత ఎండలో దీన్ని తిప్పలేం" అంది.

బస్సులో ఎప్పుడూ లేనిది ఆమె చుట్టూ జనం మూగారు. ఒకావిడ ఏకంగా ఆమె పాదాల దగ్గర కూర్చుంది.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట. గ్లెనిస్ దగ్గర తాళంచెవి తీసుకుని తెరిచింది. లోర్న్ వంటింటి గుమ్మంలో పడి ఉన్నాడు. పక్కన కుర్చీ తిరగబడి ఉంది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, దానిలో దీపం వెలుగుతోంది. గది పొయ్యిలా ఉంది. ముట్టుకోనక్కరలేకుండానే తెలిసిపోయింది.

అత్యవసర నంబరుకి చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించింది. చివరికి పలికిన అమ్మాయి గొంతు బొంగురుపోయి ఉంది. "ఊపిరి లేదని ఖాయమేనా అమ్మా? అయితే సాయంత్రం అవుతుంది. ఇంకా ప్రాణం ఉన్నవాళ్ళ దగ్గరికే చేరలేకపోతున్నాం."

వెర్నా పడమటి కిటికీ తెర పక్కకి లాగింది. తిరగబడ్డ కుర్చీని లేపి, కిటికీకి వీపు పెట్టి వేసుకుని కూర్చుంది. నీడ అతని ఛాతీదాకా వచ్చింది. పొద్దు వాలేకొద్దీ పొడుగై మొహాన్నీ కప్పింది.

మూడింటికి గ్లెనిస్ గుమ్మంలోకి వచ్చి, చూసి, నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో దేవుడా. నేను తట్టానండీ, నిజంగా తట్టాను."  తరవాత గొంతు తగ్గించి, "వెర్నా, ఆయనకి ఇంక మనం చెయ్యగలిగిందేముంది? కింద అంతా మాడిపోతున్నారు" అంది.

"ఇప్పుడు ఇతని వంతు" అంది వెర్నా.

గ్లెనిస్ వెళ్ళిపోయింది. మెట్లమీద ఎవరితోనో, "మనిషి మొండిదని నాకు ముందే తెలుసు" అనడం వినిపించింది.

తరవాత మారిసెల్ వచ్చింది, పాపని భుజాన వేసుకుని. పాప మొహం ఎర్రగా కందిపోయింది. లోపలికి రావాలా వద్దా అని తలుపు పట్టుకుని నిలబడింది.

"రా. చోటుంది" అంది వెర్నా.

మారిసెల్ శిలువ గుర్తు వేసుకుని, చనిపోయినతని పక్కనే నేలమీద, నీడ అంచున కూర్చుంది. పాప నెమ్మదించింది. చాలాసేపయ్యాక మారిసెల్ తల ఎత్తకుండా చెప్పింది. "నిన్న నాలుగింటికి నా నెత్తిమీద కుర్చీ పడ్డ చప్పుడైందండీ. సామాను సర్దుకుంటున్నాడేమో అనుకున్నాను. పాపకి స్నానం చేయిస్తున్నాను."

"నాలుగింటికా?"

"నాలుగు కొట్టి ఉంటుంది."

 నాలుగింటికి వెర్నా కుక్క కోసం ఎడమకి జరిగింది.

ఏడు గంటలకి స్ట్రెచరు పట్టుకుని ఇద్దరు వచ్చారు, ప్లాస్టిక్ దుస్తుల్లో, చెమటతో కళ్ళు మండి ఎర్రబడి. గదిలోకి అడుగుపెట్టగానే పొడుగాయన ఆగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.

"ఏసీ ఉందా అమ్మా ఇక్కడ?"

"లేదు. నా నీడ."

అతను చూసి తల ఊపాడు. వంగి లోర్న్ చెయ్యి పట్టుకున్నాడు. "ఈయన అదృష్టవంతుడు. పొద్దుటినుంచీ మేం ఎత్తిన పదకొండు మందిలో చల్లగా ఉన్నది ఈయనొక్కడే."

 వాళ్ళు లోర్న్‌ని ఎత్తి సంచిలోకి దింపారు. వెర్నా నీడ అతనిమీద నుంచి లేవలేదు. కుర్చీ కాళ్ళ దగ్గర నుంచి సాగి, తెగి, అతనితోనే వెళ్ళింది. ఒక కొస బయటికి వేళ్ళాడుతుంటే పొడుగాయన దుప్పటి అంచు సర్దినట్టు లోపలికి సర్ది జిప్పు వేశాడు. కిటికీలోంచి ఎండ వెర్నా మీదుగా తిన్నగా వచ్చి నేలమీద పడింది. మారిసెల్ పాపని తీసుకుని లేచింది.

మర్నాడు సముద్రంమీద నుంచి గాలి తిరిగింది. వానలు ఆలస్యంగానైనా వచ్చాయి. బస్సులో ఇప్పుడు వెర్నా పక్కన ఎవరైనా కూర్చుంటున్నారు, సంచులు ఆమె ఒళ్ళోకి కూడా జరుపుతున్నారు.

ఆగస్టులో మళ్ళీ నాలుగు రోజులు ఎండ కాసింది. రెండో రోజున కారిన్ ఫోను చేసింది.

"అమ్మా, ఏసీ చెడిపోయింది. ఆయన్ని కారిచ్చి పంపిస్తాను, ఓ రెండు రోజులు రా."

"నేనొస్తాను. నీడ మాత్రం లేదు."

"లేకపోవడమేంటి?"

"ఇచ్చేశాను."

"ఇచ్చేశావా? ఎవరికి?"

"లోర్న్‌కి."

"లోర్న్ ఎవరు?"

వెర్నా చెప్పడం మొదలుపెట్టింది. అతని గది ఎక్కడో, ఏ మాత్రలు వేసుకునేవాడో, ఆదివారం ఎన్ని గంటలకి కుర్చీ పడిందో. అక్కడిదాకా వచ్చేసరికి కారిన్, "అమ్మా, టెస్సా లేచినట్టుంది, మళ్ళీ చేస్తాను" అంది.

మళ్ళీ చెయ్యలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి వెర్నా కూడా ఎదురుచూడలేదు.