చెలమ చుట్టూ గూటాలు

ఒకరోజు పొద్దున బిందె తీసుకుని పోయేసరికి మా చెలమ చుట్టూ ఎర్రరంగు పూసిన గూటాలు పాతి ఉన్నాయి.

చెలమంటే పెద్దదేం కాదు. గుట్ట కింద ఎండిపోయిన వంకలో ఇసుక తోడితే నీళ్లూరే గుంట. బడి ముందరి బోరింగు రాడ్డు విరిగి రెండేళ్లయింది. అప్పటినుంచి ఊరంతా తాగేది ఆ చెలమ నీళ్లే. మా అవ్వ రామాంజినమ్మ మేకలు తాగేదీ అక్కడే.

ఆ గూటాల సంగతి సుంకన్న చెప్పాడు. మా మండలంలో సర్కారు పనులన్నీ ఆయన కాంట్రాక్టే. ఆయన వేసిన రోడ్డు వాన పడితే నిలవదు. మా వైపు వాన పడదు కాబట్టి ఆయనకు మంచి పేరుంది.

"గుట్టలో యురేనియం ఉండాదంట. దాంతో కరెంటు చేస్తారు," అని చౌకుడిపో ముందర అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "రాయి తవ్వి, నూరి, సరుకు తీసుకుంటారు. మిగిలిన బురద నిలబెట్టేకి చెలమకాడ చెరువు కడతారు. మన జిల్లాలో చెరువు కడతామంటే వద్దనేటోడు ఉంటాడాప్పా?"

"ఆ చెరువు నీళ్లు తాగొచ్చా?" అని అడిగింది అవ్వ.

"తాగేకి కాదత్తా. ఊరికే ఉంటాది."

"ఊరికే ఉండేకి నువ్వు ఉండావు కదప్పా, ఇంకా చెరువెందుకు?"

అందరూ నవ్వారు. సుంకన్న కూడా నవ్వాడు. చెరువు చుట్టూ కంచె వేసే పని ఆయనకే వస్తుందని అందరికీ తెలుసు.

ఎండాకాలంలో బడి మైదానంలో మీటింగు పెట్టారు. ఊరివాళ్లు ఏమనుకుంటున్నారో ఆఫీసరు వచ్చి అడిగి రాసుకుంటాడట. అంతకు ముందురోజు సుంకన్న మాకు మా అభిప్రాయం నేర్పించాడు.

"ఆయప్ప మాటలు మీకు అర్థం కావు. నా పక్క చూడండి. నేను తువ్వాలతో మొగం తుడుచుకుంటే చెయ్యెత్తండి. తువ్వాల ఊపితే చప్పట్లు కొట్టండి. అంతే. చిత్రాన్నం పొట్లం, మజ్జిగ ప్యాకెట్టు గ్యారంటీ."

తిప్పయ్య తాతకు చెవులు వినిపించవు. ఆయనకు సైగలతో నేర్పారు. ఆ సాయంత్రమంతా వీధిలో ఎవరు మొగం తుడుచుకున్నా తాత చెయ్యెత్తుతూనే ఉన్నాడు.

మీటింగుకు చుట్టుపక్కల ఊళ్లనుంచి ట్రాక్టర్లలో జనం వచ్చారు. తువ్వాల పాఠం వాళ్లకూ ముందే అయింది. చెలమ ఎక్కడుందో కూడా వాళ్లకు తెలియదు. పొట్లాలు ఎక్కడున్నాయో మాత్రం దిగీదిగగానే కనుక్కున్నారు. నేను అవ్వ వెనక కూర్చున్నాను.

"గౌతమీ, నువ్వు సదువుకున్నదానివి. ఆ చెరువును ఎవరు కాస్తారో అడుగు," అంది అవ్వ.

బడిలో హాజరు పిలిస్తే నేను పలికేది వినపడక మా సారు చాలాసార్లు ఆబ్సెంటు వేశాడు. అలాంటిదాన్ని మైకు పట్టుకుని అడగమంటుంది. అవ్వ కొంగు పట్టుకుని తల వంచుకున్నాను.

ఆఫీసరు మర్యాదస్తుడే. నవ్వుతూ మాట్లాడాడు. లారీడు బొగ్గు మండిస్తే వచ్చే కరెంటు పిడికెడు యురేనియంతో వస్తుందన్నాడు. పొగ ఉండదన్నాడు. మా సైన్సు పుస్తకంలో కూడా అలాగే ఉంది. నిజం చెప్పాలంటే నాకా మాట నచ్చింది. షామియానా కింద ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. గనిలో పని దొరుకుతుందనగానే సుంకన్న తువ్వాల ఊపాడు. చప్పట్లు బాగానే మోగాయి.

అప్పుడు అవ్వే లేచింది.

"సామీ, గుట్టలో సరుకంతా అయిపోయినాక మీరు పోతారు. మీ బురద చెరువును ఎవరు కాస్తారు?"

"ప్రభుత్వమే కాపాడుతుందమ్మా. కట్ట తెగకుండా, మనుషులు, పశువులు దిగకుండా చూసుకుంటుంది."

"ఎన్నాళ్లు?"

"వందల ఏళ్లయినా సరే. ఆ బాధ్యత మాది."

అవ్వ వెనక్కి తిరిగి బోరింగు వైపు చూసింది. ఆఫీసరు కూడా చూశాడు. దాని మెడకు ఎవరో దూడను కట్టేసి ఉన్నారు.

"దాని రాడ్డు ఇరిగి రెండేండ్లాయె సామీ. దాన్ని చూసుకునేది కూడా మీ సర్కారేనా, ఇంకోటుండాదా?"

ఆఫీసరు ఏదో చెప్పబోయాడు. అంతలో కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. మైకు మూగబోయింది. జనరేటరు ఉంది కానీ దాంట్లో డీజిలు లేదు. షామియానా కింద గాలి ఆడక అందరికీ చెమటలు కారాయి. ఆఫీసరు గొంతు పెంచి, "సరే, ఈ గని వద్దనేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు.

సరిగ్గా అప్పుడే సుంకన్న చెమట తట్టుకోలేక మొగం తుడుచుకున్నాడు.

మైదానమంతా చేతులు లేచాయి.

ఆఫీసరు బిత్తరపోయాడు. "అందరూ వద్దంటున్నారా?"

సుంకన్నకు చెమట ఇంకా పట్టింది. మళ్లీ తుడుచుకున్నాడు. మళ్లీ చేతులు లేచాయి. తిప్పయ్య తాత ఈసారి రెండు చేతులూ ఎత్తాడు. పేపరు విలేకరి లేచి ఫొటో తీశాడు.

"దించండి! దించండ్రా!" అంటూ సుంకన్న తువ్వాల ఊపాడు.

చప్పట్లు.

ఎంత ఊపితే అంత గట్టిగా కొట్టారు. ట్రాక్టర్ల జనమైతే ఈలలు కూడా వేశారు.

ఆఫీసరు తెలివైనవాడు. మా వైపు చూశాడు, సుంకన్న వైపు చూశాడు. "ఆ తువ్వాల ఇటివ్వండి," అన్నాడు. దాన్ని మడిచి తన కుర్చీలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి. వద్దనేవాళ్లు ఎవరు?"

చూడటానికి తువ్వాల లేదు. జనం ఏం చేయాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరో దగ్గారు. నా ముందర అవ్వ చెయ్యి ఒక్కటే లేచింది. పొద్దున చెలమ తోడిన ఇసుక ఇంకా గోళ్లలోనే ఉంది.

సారు అడిగిన లెక్కకు జవాబు తెలిసినా నేను బడిలో ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆరోజు ఎత్తాను. మోచేతి దాకానే. మా వీధి ఆడవాళ్లు కొందరు ఎత్తారు. తర్వాత చాలామంది ఎత్తారు. అందులో చెలమ కోసం ఎత్తినవాళ్లెందరో, పొట్లాలు ఇంకా పంచలేదన్న కోపంతో ఎత్తినవాళ్లెందరో నేను చెప్పలేను.

"మళ్లీ ఇంకోసారి మీటింగు పెడతాం," అని ఆఫీసరు జీపెక్కాడు. సుంకన్న తువ్వాల కూడా ఆయనతోనే పోయింది.

మరుసటి రోజు పేపర్లో మా ఫొటో పడింది. అందరి చేతులూ పైకే ఉన్నాయి. కింద ఏం రాశారో చదవమంది అవ్వ.

"యురేనియం గనికి చేతులెత్తి మద్దతు తెలిపిన గ్రామస్థులు," అని చదివాను.

అవ్వ చాలాసేపు ఫొటోలో తన చేతిని వెతుక్కుంది. "ఎత్తితే సరేనన్నట్టు, ఎత్తకుంటే వద్దనలేదన్నట్టు. ఈసారికి ఏం ఎత్తాలనో కనుక్కో మే," అంది.

తర్వాత ఇద్దరం మేకలు తోలుకుని చెలమకు పోయాం. గూటాలు అలాగే ఉన్నాయి. అవ్వ వాటిలో ఒకదాన్ని కాలితో కదిలించి చూసి, కట్టు తప్పే నల్లమేకను దానికి కట్టేసింది.

"వందల ఏండ్లు కాస్తామన్నారు కదా. సాయంత్రం దాకా దీన్ని కాయనీ."

మేము ఇసుక తోడి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, బిందె నింపుకుని తిరిగి చూసేసరికి మేక లేదు. గుట్ట మీద దూరంగా మేస్తూ కనిపించింది. దాని వెనక ఎర్రగూటం రాళ్లకు తగిలి ఎగురుకుంటూ పోతోంది.