దుప్పటి కింద కొమ్ములు

తేనెటీగ వేషం కోటు మీద పట్టలేదు. పట్టదని టెస్సాకు ముందే తట్టి ఉండాల్సింది. వారం రోజులు కూర్చుని మొగుడి పాత పసుపు టీషర్టు కత్తిరించి, దానికి నల్ల టేపు పట్టీలు అంటించింది. హ్యాంగరు తీగ వంచి రెక్కలు చేసింది. తలపట్టీకి రెండు కొమ్ములు కుట్టింది. అన్నీ ఐదేళ్ళ ఎమెట్ ఒంటి కొలతకే చేసింది గానీ మంచుకోటు సంగతే మరిచిపోయింది. కెనడాలోని మానిటోబాలో పుట్టి పెరిగిన మనిషి, అక్టోబరు ఆఖరున, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ మిఠాయి అడగబోయే హాలోవీన్ రాత్రి, మంచు పడదని ఎలా అనుకుందో!

"మీ అమ్మ ఇదీ నేర్పలేదన్నమాట. ముందు కోటు, తర్వాత వేషం," అంది అత్తగారు వెర్నా. బీరువాలోంచి తెల్ల దుప్పటి తీసి, కత్తెరతో కళ్ళకు రెండు కంతలు చేసింది. "ఇదిగో దయ్యం. ఎంత లావు కోటయినా ఇందులో పడుతుంది."

ఎమెట్ మాత్రం తలపట్టీ తీయనన్నాడు.

"దయ్యాలకు కొమ్ములుండవు నాన్నా," అంది టెస్సా.

"చచ్చిపోయిన తేనెటీగ దయ్యానికుంటాయి."

వెర్నా పడీపడీ నవ్వింది. కొమ్ములు దుప్పటి కిందే ఉండిపోయాయి. నడినెత్తిన రెండు బొడిపెలు లేచి నిలబడ్డాయి.

టెస్సా కోటు జేబు తడుముకుంది. మందు సూది ఉంది. పోయిన వేసవిలో పక్కింటి పుట్టినరోజు పండగలో ఎమెట్ ఒక్క బిస్కెట్ కొరికాడు. అందులో వేరుశనగ ఉంది. చూస్తుండగానే పెదాలు ఉబ్బి, నీలమై, గొంతు పూడుకుపోయింది. అంబులెన్సు వచ్చేదాకా ఆమె బిడ్డ ముక్కు దగ్గర వేలు తీయలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఒకటే కట్టడి. తెచ్చిన మిఠాయంతా వంటింటి బల్ల మీద పోయాలి, అమ్మ ప్రతి చుట్టుకాగితం మీదా అందులో ఏం కలిపారో చదవాలి, అప్పుడే నోట్లో పెట్టుకోవాలి. పదో తరగతిలోనే బడి మానేసిన టెస్సా, ఆ చీమతలకాయల్లాంటి అక్షరాల కింద వేలు పెట్టి మరీ చదువుతుంది.

"ఈ శ్రద్ధ బళ్ళో ఉంటే డాక్టరమ్మవి అయ్యేదానివి," అని వెర్నా దెప్పుతూనే ఉంటుంది. గుమ్మం దాటుతుంటే మనవణ్ణి వెనక్కి పిలిచింది. "తలుపు తట్టి, మిఠాయి కోసం ఏమని అరవాలిరా?"

"హాలోవీన్ యాపిల్స్!"

"ఈ కాలంలో ఎవరూ అలా అరవరు అత్తయ్యా. పిల్లలు నవ్వుతారు."

"నవ్వనీ. నలభై ఏళ్ళ కిందట వీధంతా ఇదే అరుపు."

బయటికొచ్చాక టెస్సా మెట్ల మీదే ఆగింది. వీధి నిండా దయ్యాలే! మంచు చూసి ప్రతి తల్లీ ఆఖరి నిమిషంలో దుప్పటే కత్తిరించినట్టుంది. కోటు మీద పట్టే వేషం ఇంకేముంది గనక. మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డలోంచి వచ్చే ఊపిరికి ఆమె కళ్ళద్దాలు మాటిమాటికీ మసకబారుతున్నాయి. పదిళ్ళు తిరిగాక, మూలింటి మెట్ల మీద పిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు. అద్దాలు తుడుచుకునే లోపల చేతిలోని చెయ్యి జారిపోయింది. తడిమితే ఓ చిన్న ఉన్ని చేతితొడుగు దొరికింది. గట్టిగా పట్టుకుని పక్కింటికి నడిచింది.

తలుపు తెరుచుకుంది.

"ట్రిక్ ఆర్ ట్రీట్!"

ఈ కాలం పిల్లలు మిఠాయికి అరిచే అరుపే, సన్నటి గొంతు. టెస్సా దయ్యం నెత్తి మీద చెయ్యి పెట్టింది. నున్నగా ఉంది. దుప్పటి పైకి లాగింది. ముందుపళ్ళు ఊడిన ఓ ఆడపిల్ల.

"నువ్వు మా అమ్మవి కాదు," అంది పిల్ల.

"మీ అమ్మేదమ్మా?"

"ఏమో. నువ్వేగా లాక్కొచ్చావ్."

ఆ పిల్లను లాక్కుంటూనే టెస్సా మూలింటికి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. వాడి సంచి సగానికి పైగా నిండి ఉంది. సూది తన జేబులో ఉంది. వాడెక్కడో ఉన్నాడు. ఎదురొచ్చిన ప్రతి దయ్యం నెత్తీ తడిమింది.

"ఏంటమ్మా, మావాడి తల నీకెందుకు?" కసిరాడొక తండ్రి.

"మావాడు తప్పిపోయాడండీ. వేరుశనగ పడదు వాడికి. చేతిలో సంచెడు మిఠాయి ఉంది."

ఆయన మొహం మారిపోయింది. "పేరేంటి?"

"ఎమెట్."

ఆయనా నోటికి చేతులడ్డం పెట్టి పిలవడం మొదలెట్టాడు. వీధంతా పిల్లల కేకలు. ఆ గోలలో వాడికేం వినిపిస్తుంది? అసలు వినే స్థితిలో ఉన్నాడా? టెస్సాకు పోయిన వేసవి నాటి ఆ నీలం పెదాలే కళ్ళ ముందు ఆడుతున్నాయి.

అప్పుడు, వెనక వీధిలోంచి, ముసలివాళ్ళు తప్ప ఎవరూ అరవని ఆ అరుపు వినిపించింది.

"హాలోవీన్ యాపిల్స్!"

ఆమె మంచులో జారి పడింది, లేచింది, మళ్ళీ పరుగెత్తింది. ఓ ఇంటి వసారా దీపం కింద తెల్ల దుప్పటి, దాని నెత్తిన రెండు బొడిపెలు. పక్కన ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ వాడి చెయ్యి పట్టుకుని ఉంది. నోటి దగ్గర దుప్పటి కదులుతోంది. వాడేదో నములుతున్నాడు.

"ఉమ్మెయ్! ఎమెట్, ఉమ్మెయ్!"

సూది మూత ఊడదీసి, రెండో చేత్తో దుప్పటి ఎత్తేసింది. వాడి పళ్ళ మధ్య ఉన్నది దుప్పటి గుడ్డే. తడిసి ముద్దయింది.

"అయ్యో, ఇది మా ఐవీ అనుకున్నానే!" ఎర్ర టోపీ ఆవిడ నోరు నొక్కుకుంది. టెస్సా వెంట పరుగెత్తుకొచ్చిన తన కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "చాక్లెట్ ఇచ్చి తినమంటే, అమ్మ చదవాలంటాడు. రోజూ గుటుక్కున మింగేదానివి, ఇవాళేం రోగం వచ్చిందే అని తిట్టాను కూడా."

ఎమెట్ పిడికిలి విప్పాడు. చాక్లెట్ నలిగిపోయి ఉంది. "చదువమ్మా."

 టెస్సా దాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. నాలుగో వరుసలో ఉంది వేరుశనగ. చాక్లెట్టును తన జేబులో దాచేసి, మోకాళ్ళ మీద కూర్చుని వాణ్ణి ఊపిరాడనంతగా హత్తుకుంది.

"అమ్మా, రెక్కలు విరుగుతాయి."

"రెక్కలు ఇంట్లో ఉన్నాయి నాన్నా."

ఆమె దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తలపట్టీ బయటికి తీసింది. దుప్పటి సర్ది, దాని పైన నెత్తికి గట్టిగా బిగించింది. పసుపు కొమ్ములు దీపం వెలుగులో నిటారుగా నిలబడ్డాయి.

"దయ్యాలకు కొమ్ములుండవన్నావుగా?"

"మన దయ్యానికుంటాయి. పద, ఇంకో ఇల్లు చూద్దాం. గట్టిగా అరువు."