రాజాకు పెట్టిన పరమాన్నం

ఉదయగిరిలో కిరాణా కొట్టు రంగనాథం ఇంట్లో దసరా భోజనాలంటే చుట్టాలంతా దిగాల్సిందే. ఆయన భార్య సీతమ్మ చేసే పరమాన్నం కోసం ఆడపడుచు రామసుబ్బమ్మ వింజమూరు నుంచి పొద్దున్నే వచ్చేస్తుంది. ఆ ఏడూ నెయ్యి ఓడుతూ, పిడికెళ్లకొద్దీ కిస్‌మిస్ పడి, పరమాన్నం ఇల్లంతా ఘుమఘుమలాడింది.

వడ్డిస్తుండగా కొత్తకోడలు మేఘన అందరి ముందూ అనేసింది.

"అత్తమ్మా, రాజాకు మాత్రం పెట్టబాకండి. కిస్‌మిస్ కుక్కలకు విషం. కిడ్నీలు పోతాయి."

రాజా ఆమె పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న కుక్క.

రామసుబ్బమ్మ పకపకా నవ్వింది. "ఏంది వదినా, నీ పరమాన్నం విషమంట!"

సీతమ్మ ముఖం మాడిపోయింది. అందరూ తిని నడుం వాల్చాక, అడుగున మిగిలిన పరమాన్నమంతా ఊడ్చి దొడ్లో రాజా ముందు పెట్టింది. "తినరా. నేను చేసింది విషమా?" వాడు గిన్నె నాకి నాకి తళతళలాడించాడు. అంట్లు తోముతున్న పనిమనిషి చెంచమ్మ తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.

సాయంత్రానికి రాజా కక్కుకుంటూ కూలబడ్డాడు. మేఘన ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "ఎవరన్నా ఏమన్నా పెట్టినారా?"

నిజం చెబుదామనే నోరు తెరిచింది సీతమ్మ. చుట్టూ చుట్టాలు. రామసుబ్బమ్మ కళ్లన్నీ తనమీదే.

"చెంచమ్మ ఎంగిలాకులు దొడ్లో పడేసుంటది. ఎంత చెప్పినా వినదు."

సీతమ్మ కొడుకు సందీప్ చెంచమ్మ మీద కేకలేశాడు. ఆమె సీతమ్మ వైపు ఒక్క చూపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

పండగ కావడంతో ఊళ్లో పశువుల డాక్టరు లేడు. ఆత్మకూరులో కృపారాణి అనే డాక్టరమ్మ చూస్తానంటే సందీప్ కారు తీశాడు. మేఘనతో పాటు, ఇంట్లో నిలవలేక సీతమ్మా ఎక్కింది. దారి పొడుగునా రాజా ఆమె ఒళ్లో తల పెట్టుకుని, పరమాన్నం పెట్టిన ఆ చేతినే నాకుతున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది, నోరూ విప్పలేకపోయింది.

"ఏం తిన్నాడు?" అనడిగింది డాక్టరమ్మ.

"ఎంగిలాకులు మేడమ్. వాటిల్లో ఏముందో తెలీదు," అన్నాడు సందీప్.

"తెలిస్తేనే సరైన వైద్యం చెయ్యగలను."

"నేనే పెట్టినాను," అంది సీతమ్మ. "పరమాన్నం. నిండా కిస్‌మిస్ ఉండాది. చెంచమ్మ తప్పేం లేదు."

డాక్టరమ్మ వెంటనే సెలైన్ ఎక్కించింది. మేఘన మాత్రం, "చెప్పినాను కదత్తమ్మా," అంది మెల్లగా. తిట్టినా బాగుండేదనిపించింది సీతమ్మకు.

కొన్నాళ్లు సెలైన్ మీద ఉండి రాజా బతికాడు. చెంచమ్మ మాత్రం పనిలోకి రాలేదు. సీతమ్మే వాళ్లింటికి పోయింది.

"నోరు జారినాను, చెంచమ్మా."

"జారలేదమ్మా. తెలిసే అన్నారు. అందరి ముందరా అన్నారు, అందరి ముందరే చెప్పండి."

ఆదివారం చెంచమ్మనూ రామసుబ్బమ్మనూ పిలిపించి, ఇంటిల్లిపాదినీ వసారాలో కూర్చోబెట్టి సీతమ్మ చెప్పింది. పరమాన్నం పెట్టింది తనేనని, చెంచమ్మ మీద నింద వేసిందీ తనేనని. ఈసారి రామసుబ్బమ్మ నవ్వలేదు.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న చెంచమ్మ, "సరేనమ్మా," అని, అంట్లు ముట్టకుండానే వెళ్లిపోయింది. మర్నాడు పనిలోకి వచ్చింది. సీతమ్మ మాత్రం చాలా రోజులు ఆమె కళ్లలోకి చూసి మాట్లాడలేకపోయింది.