పాత బస్టాండు జాగా

వెలిమిచర్లలో బస్టాండును ఊరి బయటికి మార్చి చాలా ఏళ్లయింది. బస్సులు ఆగడం మానేసినా, నడిబొడ్డున ఉన్న ఆ పాత బస్టాండు జాగాలో జనం ఆగడం మానలేదు. కల్వకుర్తి వైపు పోయే జీపులు అక్కడే నిండేవి. అంగడి రోజున గొర్రెలు అమ్ముకున్నవాళ్లు అక్కడే చెట్టు నీడకు చేరి తినేవాళ్లు. వాళ్లకు వేడివేడిగా జొన్నరొట్టెలు చేసి పెట్టేది శ్యామలమ్మ.

భర్త వెంకటయ్య పోయాక ఆ పొయ్యే ఆమెకు ఆధారమైంది. పక్కన గులాబ్‌బీ గాజుల బల్ల. శ్యామలమ్మ కూతురు శైలజ బడి నుంచి వచ్చి ఆ బల్ల కిందే గోనెసంచి పరుచుకుని నిద్రపోయేది. పిల్లకు జ్వరమొచ్చి దవాఖానకు తీసుకుపోయిన రోజుల్లో గులాబ్‌బీయే పొయ్యి దగ్గర కూర్చునేది. ఆమె రొట్టెలు చేస్తే ఒకటీ గుండ్రంగా వచ్చేది కాదు. అయినా, "ఇయ్యాల గులాబమ్మ చెయ్యి పడ్డదిరా" అని నవ్వుకుంటూ తినేవాళ్లు.

శైలజ మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదివింది. ఊరు మున్సిపాలిటీ అయ్యాక అందులోనే టౌన్ ప్లానింగ్ విభాగంలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం దొరికింది. మొదటి రోజు ఆమె ఆఫీసుకు పోతుంటే గులాబ్‌బీ ఆపి, రెండు చేతులకూ మట్టిగాజులు తొడిగి పంపింది.

ఆ ఏళ్లలోనే ఊళ్లో కార్లు పెరిగాయి. బట్టల దుకాణాల ముందు అడ్డదిడ్డంగా నిలిపేవాళ్లు. ఒకసారి అంబులెన్సు మెయిన్ రోడ్డు మీద ఇరుక్కుపోతే లోపలి మనిషిని మంచం మీద మోసుకుపోవలసి వచ్చింది. ఆ తర్వాతే పాత బస్టాండు జాగాలో పెద్ద చౌకు కట్టాలని మున్సిపాలిటీ తీర్మానించింది. కూర్చోవడానికి అరుగులు, చెట్లు, ఒక వేదిక, ఓ పక్కన కార్లకు పార్కింగు, ఇంకో పక్కన అక్కడ అమ్ముకునేవాళ్లకు రేకుల నీడతో గద్దెలు. నక్షా గీసే పని శైలజకు అప్పగించారు.

ఆమె ఆ నక్షాను ఇంటికి తెచ్చి నేల మీద పరిచింది.

"ఇగో అమ్మా, గిది నీ పొయ్యి. పక్కకే గులాబమ్మ బల్ల. అవతల పరమేషన్న పండ్ల బండి."

శ్యామలమ్మకు ఆ గీతలు అర్థం కాలేదు. కానీ కూతురి వేలు ఎక్కడ ఆగిందో అక్కడ తనూ వేలు పెట్టి చూసుకుంది.

"నీళ్ల నల్ల జర దగ్గరుంటే మంచిగుంటదే."

"పెడ్త. ఇదిగో, ఇక్కడ పెట్టిన." శైలజ పెన్సిలుతో చిన్న గుండ్రం గీసింది.

మరునాడు శ్యామలమ్మ ఈ సంగతి జాగాలో అందరికీ చెప్పింది. గద్దె ఎంత ఎత్తుంటుందో, వాన వస్తే రేకు ఎంత దూరం కాపాడుతుందో చేతులతో చూపించింది. పండ్లమ్మే పరమేష్ నమ్మీ నమ్మనట్టు తల ఊపాడు. గులాబ్‌బీ మాత్రం, "మన పిల్ల గీసిందంటే మనకు ఫికర్ ఏంది?" అంది.

ఉగాది దాటింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో శైలజ ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, పని మొదలుపెట్టాలె. జాగా ఖాళీ చెయ్యమంటున్నరు. పోలీసులను తెస్తే బాగుండదు. నువ్వు ముందుగాల లేస్తే అందరు లేస్తరు."

"కట్టినంక మల్ల మాకే ఇస్తరు గదా?"

"నేనున్న గదమ్మా."

శ్యామలమ్మ ఇంకేం అడగలేదు. తెల్లారి పొయ్యి రాళ్లు తానే పీకింది. పత్రికవాళ్లు వచ్చి ఫోటో తీశారు. కమిషనర్ దండం పెట్టి, "ఇట్లాంటి తల్లులుంటే ఊరు బాగుపడుతుంది" అన్నాడు. గులాబ్‌బీ గాజులు సర్దుతూ సర్దుతూ ఆగింది.

"శ్యామలా, ఉట్టి మాట మీద లేస్తున్నం. మంచిదేనా?"

"నా బిడ్డ మాట ఉట్టి మాటనా?" శ్యామలమ్మ మనసు నొచ్చుకుంది.

గులాబ్‌బీ చప్పున ఆమె చెయ్యి పట్టుకుంది. "లేదు లేదు. జర భయమైంది, గంతే."

మధ్యాహ్నానికి జాగా ఖాళీ అయింది. అందరినీ తాత్కాలికంగా బైపాస్ పక్కకు పంపారు. అక్కడ లారీల దుమ్ము తప్ప మనుషులు ఉండరు. పిండి మీద మట్టి పడకుండా శ్యామలమ్మ కొంగు అడ్డం పట్టుకుని రొట్టె తట్టేది. గాజులు కొనే ఆడవాళ్లు అంతదూరం రాలేదు. గులాబ్‌బీ కొన్నాళ్లు ఊరికే కూర్చుని పోయేది. "వానలు తగ్గేవరకే" అని శ్యామలమ్మ ఆమెకు ధైర్యం చెప్పేది.

వానలు తగ్గాక ఒకరోజు ఉప్పు కొనడానికి బజారుకు వచ్చిన శ్యామలమ్మ, రేకుల కంచె సందులోంచి లోపలికి చూసింది. అరుగులు లేచాయి. వేదిక లేచింది. రెండో పక్కన గద్దెలు లేవు. నేలంతా నల్లగా చదును చేసి ఉంది. ఒకతను వంగి తెల్ల రంగుతో గీతలు గీస్తున్నాడు.

"గద్దెలు ఎప్పుడు కడ్తరు బాబూ?" అని అడిగింది.

"గద్దెలేంది? రెండు పక్కలా పార్కింగే పెద్దమ్మా. గా మూలకు మూడు దుకాన్లు వస్తయట, ఐస్‌క్రీములయి. ఎవరో పట్నపోళ్లు వేలంల పాడుకున్నరు."

ఉప్పు కొనకుండానే ఆమె మున్సిపల్ ఆఫీసుకు పోయింది. శైలజ కుర్చీలోంచి లేచి తల్లిని వరండాలోకి తీసుకువచ్చింది. తల్లి మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"అమ్మా, ఇంట్ల మాట్లాడుకుందం."

"ఇక్కడనే చెప్పు. మా గద్దెలేవి?"

శైలజ గోడకు ఆనుకుంది. "మీటింగుల తీసేసిండ్రమ్మా. పార్కింగ్ సాలదన్నరు. దుకాన్లోళ్లు గట్టిగ పట్టిండ్రు. నేను చెప్పి చూసిన. నా మాట ఎవరింటరు? నాదేమన్న పర్మనెంటు నౌకరా?"

"ఎన్నడు తీసేసిండ్రు?"

లోపల ఎవరో శైలజను పిలిచారు. ఆమె కదలలేదు.

"ఎన్నడే?"

"ఉగాదికి ముందే."

శ్యామలమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఆ పిల్ల కళ్లకింద నలుపు కనబడింది. అయినా కడుపులో జాలి పుట్టలేదు. అది పుట్టకపోవడమే ఆమెకు భయం కలిగించింది.

"అయితే నీకు ఎరుకుండే నన్ను లేపినవు."

"అందరిని నువ్వైతేనే లేపగలుగుతవన్నరు. లేకపోతే జేసీబీ తెస్తమన్నరు. మీ సామాన్లు ఇరగ్గొడ్తుండ్రి అమ్మా. తర్వాత ఎట్లనన్న మీకు జాగా సదురుదమనుకున్న."

"ఇరగ్గొడ్తే ఇరగ్గొట్టనియ్యి. మేం నిలబడి కొట్లాడుతుంటిమి గదనే. ఓడితే ఓడుతుంటిమి. నాకు చెప్తే ఏం పోయె?"

"చెప్తే నువ్వు లేవకపోదువు," అంది శైలజ మెల్లగా.

శ్యామలమ్మ అక్కడ నుంచి నేరుగా గులాబ్‌బీ ఇంటికి పోయింది. వేరేవాళ్ల ద్వారా తెలియడం కన్నా తన నోటితో చెప్పడమే మర్యాద అనుకుంది. గులాబ్‌బీ వాకిట్లో కూర్చుని మొత్తం వింది.

"నాకు ఎరుకలేదు గులాబ్‌బీ. నా వెంకటయ్య మీద ఒట్టు."

"ఒక్కింట్ల ఉంటరు. ఒక్క పొయ్యి మీద తింటరు," అంది గులాబ్‌బీ. "ఎట్ల నమ్మాలె చెప్పు?"

"నన్ను నమ్మవా?"

"అప్పుడు నమ్మే లేచిన గదా."

గులాబ్‌బీ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అంతకుముందు ఆమె ఎన్నడూ నీళ్లిచ్చి పంపలేదు. చాయ్ తాగనిదే కదలనిచ్చేది కాదు.

నెల తిరక్కుండానే గులాబ్‌బీ నారాయణపేటలో ఉన్న కొడుకు ఫిరోజ్ దగ్గరికి వెళ్లిపోయింది. పోతున్నట్టు శ్యామలమ్మకు కబురు చెప్పలేదు.

చౌకును ఘనంగా ప్రారంభించారు. లైట్లు పెట్టారు, పాటలు పెట్టారు. ఊరంతా పోయి ఫోటోలు దిగింది. శ్యామలమ్మ పోలేదు. కానీ ఆ మరుసటి అంగడి రోజున ఆమె పరమేష్ దగ్గర పాత తోపుడు బండి అడిగి తీసుకుంది. దాని మీద గ్యాసు పొయ్యి, పెనం, పిండి పెట్టుకుని తోసుకుంటూ చౌకుకు పోయింది. పార్కింగు టికెట్లు ఇచ్చే సతీశ్ గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఇక్కడ బండ్లే పెట్టాలె పెద్దమ్మా."

"ఇది బండి కాదా? నాకూ చీటీ ఇయ్యి. అందరు కట్టినంత కడ్త."

సతీశ్‌కు ఏం చేయాలో తోచలేదు. వెనక కారు హారన్ కొడుతోంది. టికెట్టు చింపి ఇచ్చేశాడు. శ్యామలమ్మ తన పాత జాగా ఎక్కడో వెతుక్కుంది. తారు వేశాక ఆనవాలు దొరకడం కష్టమైంది. ఎదుటి మందుల దుకాణాన్ని గుర్తు పట్టి, రెండు తెల్ల గీతల నడుమ బండి నిలిపి పొయ్యి వెలిగించింది.

మొదటి రొట్టె కాలుతుండగానే మనుషులు వచ్చారు. "ఎన్నాళ్లయె అమ్మా నిన్ను చూసి" అంటూ గొర్రెల కాపరులు చుట్టూ నిలబడ్డారు. కార్లు దిగినవాళ్లు కూడా వచ్చి తిన్నారు. పరమేష్ గేటు అవతల నిలబడి చూశాడు. లోపలికి రమ్మని ఆమె చెయ్యి ఊపింది. అతను రాలేదు.

కొద్దిసేపటికి మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. దాని వెనక స్కూటీ మీద శైలజ వచ్చింది. ఆమెనే పంపారు. సిబ్బంది దూరంగా ఆగిపోయారు. తల్లీకూతుళ్ల నడుమకు ఎవరూ రాలేదు.

"అమ్మా, లే. నువ్వు లేవకపోతే వాళ్లు బండి ఎత్తుకపోతరు."

శ్యామలమ్మ పెనం మీది రొట్టెను తిప్పింది. అది కాలేదాకా ఆగి, తీసి, ఎదురుచూస్తున్న ముసలాయన చేతిలో పెట్టింది. తర్వాత పొయ్యి ఆర్పింది.

"నన్ను ఇక్కడికెల్లి నువ్వు లేపుడు ఇది రెండోసారి," అంది కూతురితో. "మొదటిసారి నవ్వుకుంట లేచిన."

శైలజ ఏడ్చేసింది. అందరి ముందే ఏడ్చింది. శ్యామలమ్మ ఆమెను దగ్గరికి తీసుకోలేదు, కసురుకోలేదు. బండి తోసుకుంటూ గేటు దాటింది. గొర్రెల కాపరుల్లో ఇద్దరు కొంత దూరం ఆమెతో పాటు బండికి చెయ్యి వేశారు.

ఆ తర్వాత ఆమె దవాఖాన రోడ్డులో ఒక ఇంటి అరుగు కిరాయికి తీసుకుని రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. బతకడానికి చాలుతుంది. శైలజ అదే ఇంట్లో ఉంటుంది. తల్లి వండి పెడుతుంది, జ్వరమొస్తే కషాయం కాచి ఇస్తుంది, పెళ్లి సంబంధాల గురించి కూడా మాట్లాడుతుంది. ఆఫీసు గురించి మాత్రం ఒక్క మాట అడగదు. శైలజ ఏదైనా చెప్పబోతే లేచి గిన్నెలు సర్దుకుంటుంది.

మరుసటి ఏడాది కూరగాయల మార్కెట్టు రోడ్డును వెడల్పు చేయాలని గీతలు పడ్డాయి. ఒక రోజు పరమేష్ రొట్టె తినడానికి వచ్చి కూర్చున్నాడు. చాలాకాలం తర్వాత అతను ఆమె దగ్గర తినడం అదే.

"నీ బిడ్డ నిన్న మార్కెట్టుకొచ్చింది వదినా. కూరగాయలోళ్లను పక్కకు పిలిచి ఏం చెప్పిందో ఎరుకేనా? వేరే జాగా చేతికిచ్చేదాక లేవొద్దు, నేను చెప్పినా లేవొద్దన్నదట."

శ్యామలమ్మ చేతిలో పిండి ముద్ద ఆగింది.

"గట్లన్నదా?"

"మా బామ్మర్ది చెవులారా ఇన్నడు. ఈ సంగతి పైకి తెలిస్తే నౌకరి పోతదంటున్నరు."

ఆమెకు ముందు సంతోషమే కలిగింది. కూతురు ఆ మాట అనడానికి ఎంత గుండె దిటవు చేసుకుని ఉంటుందో తెలుసు. ఆ రోడ్డు మీద కూర్చునే ఆడవాళ్లంతా ఆమెకు కళ్లముందు మెదిలారు. ఆ వెంటనే గులాబ్‌బీ బల్ల కింద నిద్రపోయిన పిల్ల గుర్తుకు వచ్చింది.

"ఎవరో కూరగాయలోళ్లకు చెప్పింది," అంది. "నాకు చెప్పలేకపాయె."

పరమేష్ తల వంచుకుని తిన్నాడు. శ్యామలమ్మ చెయ్యి తడి చేసుకుని పిండి ముద్దను పీట మీద వేసి, మళ్లీ తట్టసాగింది.