ఆదెప్ప ఆపిన కారు

రేఖ ఆరేళ్లపాటు ధర్మవరం చీరలను బెంగళూరులో అమ్మి, కూడబెట్టుకుని కొనుక్కున్న కారది. పాతదే, ఇద్దరు మాత్రమే పట్టే ఎర్రటి స్పోర్ట్స్ కారు. వాళ్ల ఊరు బత్తలపల్లిలో దాన్ని ముట్టుకోవడానికి మెకానిక్‌లు జంకేవారు. బ్రేకు తొక్కితే కీచుమంటోందని తనే కొత్త ప్యాడ్లు తెప్పించుకుని, ఆదివారం పొద్దున్నే ఇంటి ముందర పని మొదలుపెట్టింది.

వాళ్ల నాయన ఆదెప్ప మగ్గం గుంటలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. ఒకప్పుడు ఆయనకు ధర్మవరంలో మెకానిక్ షెడ్డు ఉండేది. దాన్ని ఎందుకు మూశాడో ఎవరికీ చెప్పలేదు. అడిగి అడిగి రేఖ కూడా ఊరుకుంది.

కారు మరీ నేలబారుగా ఉండటంతో కిందికి జాకీ దూరలేదు. ఆమె తిప్పలు చూసి ఆదెప్ప పాత మగ్గం పలకలు రెండు తెచ్చి ముందు చక్రాల దగ్గర పెట్టాడు. కారును వాటి మీదికి ఎక్కించమని సైగ చేసి, మళ్లీ లోపలికి పోయాడు. అప్పుడు జాకీ దూరింది.

పాత ప్యాడ్లు అరిగి రేకుల్లా అయ్యాయి. కొత్తవి మందంగా ఉన్నాయి. అవి పట్టడానికి, ప్యాడ్లను నొక్కే పిస్టన్లను బిగించే క్లాంపుతో మెల్లగా వెనక్కి తోసింది. మధ్యాహ్నానికి రెండు చక్రాలూ బిగించి, పలకలు లాగేసి, జాకీ దించి, సంతోషంగా ఇంజన్ ఆన్ చేసింది. ఇంటి ముందు నుంచి రోడ్డుదాకా వాలే.

ఆదెప్ప చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"కదిలించొద్దు. ముందు పెడల్ తొక్కు."

తొక్కింది. పెడల్ ఏ పట్టూ లేకుండా అడుగుదాకా పోయింది. 

"గట్టిపడేదాకా తొక్కుతానే ఉండు. పిస్టన్లు ఎనక్కి పోయుంటాయి."

ఐదారుసార్లకు పెడల్ గట్టిపడింది. ఆదెప్ప అప్పుడుగానీ పక్కకు జరగలేదు. అరుగు మీద కూలబడి చెప్పసాగాడు.

"ముత్యాలప్ప జీపుకు బ్రేకులు మార్చి, తొక్కి చూడకుండానే ఇచ్చేసినా. నా దోస్తు వాడు. వాలులో ఆగక గోడకు కొట్టుకునె. ఇప్పటికీ కుంటుతానే ఉండాడంట. నన్ను ఒక్క మాటా అనలేదు. అనింటే బాగుండు."

"ఆయప్ప యాడుండాడు నాయనా?"

"కుందుర్పిలో. ఇరవై ఎనిమిదేండ్లాయ. మొగం చెల్లక పోలేదు."

రేఖ ఓదార్చలేదు. స్పానర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, బోల్టులన్నీ ఒకసారి చూడమంది. ఆయన ఒక్కొక్కటీ బిగించి చూశాడు. తర్వాత చొక్కా మార్చుకు రమ్మంది. ఆయన మార్చుకొచ్చి కారెక్కి కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు కుందుర్పి చేరారు. ముత్యాలప్ప ఇంటి ముందు మంచం మీద చెనక్కాయలు వలుస్తున్నాడు. కారు దిగిన మనిషిని కాసేపు తేరిపార చూశాడు.

"ఏమప్పా ఆదెప్పా, ఇంతకాలం పట్టిందా నీకు?" అని మంచం మీద చోటిచ్చాడు.

ఆదెప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. ముత్యాలప్ప ఆయన ఒళ్లో దోసెడు కాయలు పోశాడు. ఇద్దరూ వలవసాగారు.