ఎడమ చక్రం వైరు

అక్క నడిపిన కారు గోడకి గుద్దుకున్న వారానికి బావ దాన్ని చెల్లెలి షెడ్డుకి తెచ్చాడు. ఆమె కార్ల ఎలక్ట్రీషియన్. తాళాలు బల్ల మీద పడేసి, "మరదలా, బంపరు సంగతి చూడు. మీ అక్కకి బ్రేకుకీ ఎక్సలేటరుకీ తేడా తెలియదు," అని నవ్వాడు.

వానలో ఆసుపత్రి మలుపు దగ్గర కారు జారింది. బ్రేకు నొక్కానని అక్క ఎంత మొత్తుకున్నా వినకుండా ఆ రోజే తాళాలు లాక్కున్నాడు మహానుభావుడు. అప్పట్నించి ఆవిడ బస్సులు మారి నర్సు డ్యూటీకి వెళ్తోంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ కథ ఉప్పూకారం జల్లి చెప్పడం బావకి కాలక్షేపమైంది.

చెల్లెలికి ఒళ్ళు మండింది. అయినా సీట్లో కూచుని ఇంజను ఆన్ చేసింది. మీటర్ల పక్కన నల్ల టేపు ముక్క అంటించి ఉంది. గోరుతో లాగితే కింద ఏబీఎస్ దీపం వెలుగుతోంది.

"ఇదెవరు అంటించారు?"

"నేనే, ఈ గుద్దుడికి ముందే ఎప్పుడో. ఊరికే కళ్ళల్లో పొడుస్తుంటేనూ. సెన్సరు కూడా కొత్తది వేయించా, అయినా ఆరలేదు. దీపానికే పిచ్చి."

ఆమె పళ్ళు కొరికింది. గట్టిగా బ్రేకు నొక్కినా చక్రాలు బిగుసుకుపోయి కారు జారకుండా చూసేది ఏబీఎస్. ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్లు చెబితేనే అది పని చేస్తుంది. కబురు అందకపోతే చేతులెత్తేసి, ఆ ముక్క దీపంతో చెబుతుంది. ఈయన దాని నోరు మూశాడు.

స్కానరు తగిలిస్తే, తప్పు ముందువైపు ఎడమ చక్రం దగ్గర ఉందని చూపించింది. కారుని జాకీ మీద ఎత్తి చక్రం విప్పింది. సెన్సరు నిక్షేపంగా ఉంది. ఇక అనుమానమంతా వైరు మీదే. రెండు కొసలా ఊడదీసి మీటరు తగిలించింది. లోపల రాగి తెగకుండా ఉంటే మీటరు కూస్తుంది. కూసింది.

"చూశావా, వైరు బాగానే ఉంది," అన్నాడు బావ.

"మీరు కూచుని స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పండి."

తిప్పాడు. కూత ఆగిపోయింది. తిన్నగా తెచ్చాడు, కూసింది. మళ్ళీ తిప్పాడు, ఆగింది. దాంతోపాటే ఆయన నవ్వూ ఆగింది.

ఆమె లోపలికి తల దూర్చి చూసింది. షాక్ అబ్జార్బరు క్లిప్పులో ఉండాల్సిన వైరుని పక్కకి లాగి ప్లాస్టిక్ టైతో బిర్రుగా కట్టేశారు. స్టీరింగుతో చక్రం పక్కకి తిరిగినప్పుడల్లా సాగి సాగి, పైన తొడుగు చెక్కుచెదరకుండానే లోపల రాగి తెగింది. ఆ షాక్ అబ్జార్బర్లు మార్చింది సాక్షాత్తూ బావే. మెకానిక్కులెందుకు దండగ అంటూ, వీధిలో అందరూ చూసేలా మార్చి ఫోటోలు కూడా పంపాడు.

"ఈ టై ఎవరు కట్టారు బావా?"

"వేలాడుతోందని... సరేలే, అతికించెయ్. మీ అక్కతో మాత్రం అనకు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అక్క డ్యూటీ దిగి ఇటే వస్తోంది. మీరే చెప్పండి. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పిన నోరే కదా. అప్పటిదాకా తాళాలు నా దగ్గరే ఉంటాయి."

వంగే చోట అతుకు వేస్తే మళ్ళీ తెగుతుంది. అందుకని వైరు కదలని చోటు దాకా పాతది కోసేసి, కొత్త ముక్క సోల్డరు చేసి, తడి దిగకుండా వేడికి ముడుచుకునే గొట్టం తొడిగింది. కాస్త వదులిచ్చి క్లిప్పులో పట్టించింది. ఈసారి స్టీరింగు ఎటు తిప్పినా కూత ఆగలేదు. స్కానరులో తప్పు చెరిపేసి, రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి తెచ్చింది. దీపం మళ్ళీ వెలగలేదు.

అక్క వచ్చింది. బావ నేల చూపులు చూస్తూ, "వైరు తెగిందట. నేను కట్టిన టై వల్లే," అన్నాడు.

అక్క చెల్లెలి వైపు తిరిగి మెల్లిగా అడిగింది. "అయితే నేను నొక్కింది బ్రేకేనా? ఈయన అనగా అనగా నాకే అనుమానం పట్టుకుందే. రోజూ పడుకునే ముందు మంచం కోడుకి కాలు ఆనించి, అదే బ్రేకనుకుని నొక్కి చూసుకుంటున్నా."

అప్పటిదాకా తనకి వచ్చింది కోపమే కాదని, అసలు కోపం ఇదేనని చెల్లెలికి అప్పుడు తెలిసింది.