ఊ కొట్టే పెట్టె

2008 మార్చి ఎనిమిదో తేదీ, శనివారం. బేతంచెర్ల వెలుపలి గుట్టమీద ఉన్న రేడియో గదిలో ఆ పొద్దున ఉన్నవాళ్ళు ఇద్దరే. ఆ గదికి పదేళ్ళుగా కావలి ఉన్న దేవేంద్రప్ప ఒకరు. దాన్ని మూసివేయడానికి కంపెనీ పంపగా వచ్చిన ఇంజనీరు ప్రదీప్‌కుమార్ మరొకరు.

ఇంజనీరు తీగలు విప్పే పనిముట్లు పరుచుకుంటున్నా దేవేంద్రప్ప తన రోజువారీ పని మానలేదు. ఫ్యాను ముందరి జల్లెడను ఊడదీసి గడప బయట తట్టాడు. మేకుకు వేలాడుతున్న ఆకుపచ్చ చీరపేలిక అందుకుని మూలమూలలా తుడిచాడు. చుట్టూ ఉన్న బండల ఫ్యాక్టరీల నుంచి లేచే తెల్లటి పొడి ఆ జల్లెడలోనే కాదు, అతని కనురెప్పల వెంట్రుకల్లోనూ నిలిచిపోయింది. చొక్కా అంచు పొడుగునా బ్యాటరీ ఆసిడ్ కాల్చిన చిల్లులు. వేళ్ళ చివర్లు పసుపుబారి, చర్మం పగిలి ఉన్నాయి.

"ఏమప్పా, ఇంగ కాసేపట్లో విప్పేస్తాం గదా. ఎవరికోసరం తుడుస్తాండావు?"

"నడిచేదాకా నడవాల గదా సార్."

ఇనుప బీరువాలోని పెట్టెమీద చిన్న పచ్చదీపం మినుక్కుమంది. పైన పోయే విమానం తన ఎత్తు, మిగిలిన ఇంధనం, చేరబోయే వేళ అక్షరాలుగా కూర్చి గాలిలోకి వదిలితే గుట్టమీది స్తంభం అందుకుంటుంది. పెట్టె ఆ సందేశాన్ని నగరంలోని కంప్యూటరుకు పంపి, అందిందని విమానానికి బదులిస్తుంది. ఇదంతా దేవేంద్రప్ప తన భార్య గంగక్కకు ఒక్క ముక్కలో చెప్పాడు: విమానం కథ చెబుతుంది, పెట్టె ఊ కొడుతుంది.

గంగక్క కింద ఫ్యాక్టరీలో బండలు పాలిష్ పట్టేది. మధ్యాహ్నం సద్ది తెచ్చి, గడపమీద కూర్చుని దీపాన్ని చూసేది. తన పాత చీర చించి పేలిక ఇచ్చింది ఆమే. "ఈ పెట్టే నయం. నేను నోరు నొప్పి పుట్టేట్ల మాట్లాడినా నువ్వు ఒగసారన్నా ఊ అంటావా?" అని ఎత్తిపొడిచేది. అతను అప్పుడూ ఊ అనేవాడు కాదు.

"పదేండ్లలో ఈ స్టేషన్ ఒక్కసారి గూడా ఆగలేదంట, పెద్దాయనా," అన్నాడు ప్రదీప్‌కుమార్. "ఆఫీసులో నీ పేరు శానా చెప్పుకుంటారు."

దేవేంద్రప్ప పొద్దుటినుంచి నోట్లో ఆపుకున్న ప్రశ్న అడిగాడు. "రేపట్నుంచి ఇమానాలు ఈ దోవన రావా సార్?"

"ఎందుకు రావు?"

"మరి ఊ కొట్టేదెవరు?"

"బెంగుళూరు కొడతాది. లేదంటే హైదరాబాదు. ఈడ బదులు రాకుంటే ఇమానమే ఇంగో స్టేషన్‌ని ఎతుక్కుంటాది."

"ముందుగూడా అట్లేనా?"

"మొదట్నుంచీ అంతే."

"ఇది ఆగితే ఇమానం పడిపోతాది, రెండొందల ప్రాణాలు నీ చేతిలో ఉండాయని చెప్పె గదా జ్ఞానరాజు సారు?" జ్ఞానరాజు ఆ పెట్టెను బిగించిన తొలి ఇంజనీరు.

ప్రదీప్‌కుమార్ నవ్వాడు. "పడిపోయేదేంది! పైలట్లు వేరే రేడియోలో మాట్లాడ్తానే ఉంటారు. అట్ల బెదిరించకపోతే కావలోల్లు నిద్రపోతారని చెప్పింటాడు. ఈ తీగ రోంత పట్టుకో."

దేవేంద్రప్ప తీగ పట్టుకున్నాడు.

మూడేళ్ళ కిందటి వేసవిలో పొరుగింటి సుంకన్న రొప్పుతూ ఈ గుట్టెక్కాడు. గంగక్కకు ఊపిరి ఆడడం లేదు, ఆటో సిద్ధంగా ఉంది, రమ్మన్నాడు. కరెంటు పోయి ఉంది. బ్యాటరీలు దిగిపోతే జనరేటరు తిప్పడానికి మరో మనిషి లేడు. అప్పుడే పచ్చదీపం మినుక్కుమంది. "నువ్వు పిల్చుకొని పో సుంకన్నా. కరెంటు రాంగనే ఎనకాలే వస్తా," అన్నాడు. కరెంటు పొద్దు వాలాక వచ్చింది. కర్నూలు ఆసుపత్రికి పోయే దోవలో, డోన్ చేరకముందే, గంగక్క వెళ్ళిపోయింది. ఆటోలో ఆమె అతన్ని తిట్టలేదట. "ఆయప్ప రాలేడులేన్నా, పైన శానామంది ఉండారు," అని సుంకన్నకే సర్దిచెప్పిందట. ఆ మాటను పట్టుకునే అతను ఇన్నాళ్ళూ గుట్టెక్కి దిగాడు.

ప్రదీప్‌కుమార్ మీట నొక్కాడు. దీపం ఆరింది. ఫ్యాను చప్పుడు మెల్లగా అడుగంటింది.

పైన సన్నని మోత వినిపించింది. దేవేంద్రప్ప గడపలోకి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. మెరుస్తున్న చుక్క ఒకటి దక్షిణానికి పోతోంది. అది కొంచెమైనా తడబడుతుందేమోనని, కంటికి ఆనినంతసేపూ చూశాడు. తడబడలేదు.

మధ్యాహ్నానికి పెట్టె బీరువాతో సహా జీపులోకి చేరింది. ఇంజనీరు అప్పగింత కాగితం తీశాడు. "ఒక్కసారీ ఆగలేదని రాసినా. సంతకం పెట్టు."

"ఆ మాట తీసేయండి సార్."

"యాల? నిజమే గదా?"

దేవేంద్రప్ప కలం అందుకున్నాడు. "ఊ," అన్నాడు.

సంతకం పెట్టి, తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి, చిల్లుల చొక్కా జేబులో దాచుకుని తలుపు దగ్గరికి వేశాడు. లోపల, పెట్టె ఉన్నచోట పొడి అంటని నలుచదరం. ఆ పక్కన మేకుకు ఆకుపచ్చ చీరపేలిక.